గృహిణీ గోష్ఠి: వనమును చూపి మాటలాడుట



మదనపల్లెనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. రాబోవు కార్తికమాసమున వారి వీధిలోని స్త్రీలందరును పిల్లలతో గూడ తలకోనకు వనభోజనమునకు వెళ్ళ నిశ్చయించుకొనిరట. "ఏటేట ఉసిరిచెట్టు క్రింద కూర్చుండి పులిహోర తిని వచ్చుచున్నాము. ఈసారి ఆ యడవిని గూర్చి నాలుగు మంచిమాటలు నీవు చెప్పవలెను" అని యందరును ఆమెపై భారము మోపిరట. "పదిమంది యెదుట నిలిచి మాటలాడి యెరుగను. ఏమి చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను? ఎంతసేపు చెప్పవలెను?" అని యామె యడిగినారు.

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు మాకు గల యధికార మేమనగా, ఈ పనిలో మేమొకసారి చక్కగా ఓడిపోయి యుండుటయే. ఓడినవారి మాట కొన్నివేళల గెలిచినవారి మాటకంటె నెక్కువ పనికివచ్చును. కావున ఈ నెల గోష్ఠిలో మా యోటమిని, అటుపిమ్మట మేము నేర్చుకొన్నదానిని దాచక వ్రాయుచున్నాము.

తలకోన మనలో చాలమంది చూచినదే. తిరుపతినుండి భాకరాపేట మీదుగ వెళ్ళి, నెరబైలు దాటి అడవిలో ప్రవేశింతుము. సిద్ధేశ్వరస్వామి గుడి కడ నుండి రాళ్ళబాటను పట్టి పైకి పోయినచో 270 అడుగుల ఎత్తునుండి దుముకు జలపాతము కన్పట్టును. మా వారు బడిపంతులు. మూడేండ్ల క్రిందట వారు తమ బడిపిల్లలను, వారి తల్లులను అచ్చటికి తీసికొనిపోవుచు, "నీవు చదువుకొన్నదానవు గదా, వీరికి ఆ వనమును గూర్చి కొంత చెప్పరాదా?" యని మమ్ము నడిగిరి. మేము మిక్కిలి సంతోషముతో నొప్పుకొంటిమి.

రెండు రాత్రులు మేలుకొని 14 పుటలు వ్రాసితిమి. అందేమి లేదు! శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానము 1989లో ఏర్పడిన సంగతి, శేషాచలమంతయు 2010లో జీవావరణ రక్షితప్రాంతముగ ప్రకటింపబడిన సంగతి, అరణ్యకాండలోని పంచవటి, మనుచరిత్రలోని హిమవత్పర్వతము, ఇరువది చెట్ల సంస్కృతనామములు, ఏడుకొండల పేళ్ళు, వాని కారణములు, అన్నియు గుదిగ్రుచ్చితిమి. ఆనాడు జలపాతమునకు వీపు చేసి, యొక బండపై నిలిచి, కాగితములు చేత బట్టి చదువ నారంభించితిమి.

నీటిచప్పుడు మా మాటను మ్రింగివేయుచుండెను. వినువారి కన్నులలో ఎండ పడుచుండెను. మూడవ పుటకు పిల్లలు నీటివైపు జారిరి. అయిదవ పుటకు పిల్లలను పట్టుకొను మిషతో తల్లులు జారిరి. తొమ్మిదవ పుటకు మిగిలినవారు ఇద్దరు. ఒకడు వంటపాత్రలకు కోతులనుండి కావలియున్న కుఱ్ఱవాడు. రెండవయామె నడువలేక కూర్చుండిన యొక అవ్వ. మేము ముగించిన పిదప ఆ అవ్వ, "అయివారమ్మా, శానా బాగా చదివితివి. కానీ తాగే నీళ్ళు యాడుండాయో మాత్రం చెప్పకపోతివే" అనెను.

ఆ దినమున మాకు కోపమే వచ్చినది. వినువారికి రసజ్ఞత లేదని సరిపెట్టుకొంటిమి. ఇంటికి వచ్చిన పిదప మా వారు ఒక్కమాట యనిరి: "నీ యుపన్యాసమును మన వసారాలో కూర్చుండి చదివినను సరిపోయెడిది. దాని కంతదూరము పోవలసిన పనియేమి?" ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. నిజమునకు మేము ఆ యడవిలో నుండి యొక్క ఆకునైనను వారికి చూపలేదు.

అంతకంటె సిగ్గైన సంగతి యొకటి కలదు. మా తండ్రిగారు మాకు ఇంటనే అమరము చెప్పిరి. వనౌషధివర్గము మాకు చిన్ననాటనే కంఠస్థము. ఆనాడు తిరుగుదారిలో అడవి కావలివాడు ఒక ముళ్ళచెట్టును చూపి "ఇదేం చెట్టో చెప్పండమ్మా" యని యడిగెను. మేము చెప్పలేకపోతిమి. అది చండ్రచెట్టు. ఖదిరము మొదలుగ దాని పర్యాయపదములన్నియు మా నోటికి వచ్చును. చెట్టు మాత్రము కంటికి తెలియదు. పేళ్ళు తెలిసినంత మాత్రమున వనము తెలిసినదని భ్రమించితిమి.

అటుపిమ్మట మేము మొదటినుండి ఆలోచించుకొంటిమి. పదిమందికి ఒక వనమును చూపి మాటలాడుట యనగా నేమి? అది వ్యాఖ్యానము. వ్యాఖ్యానము మనకు క్రొత్తది కాదు. మన తెలుగునేలకు చెందిన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యను చేత బట్టుకొనియే మావంటివారు కాళిదాసుని రఘువంశమును చదివితిమి. ఆధారము లేని మాటయు, అక్కర లేని మాటయు తన వ్యాఖ్యలో నుండవని యాయన నియమము పెట్టుకొనెను. వ్యాఖ్యాత శ్లోకమునకు అడ్డముగ నిలువడు. ప్రక్కన నిలిచి, మనకు తెలిసిన మాటలతో తెలియని పదమును విప్పి, తాను తప్పుకొనును. జలపాతమునకు అడ్డముగ నిలిచి 14 పుటలు చదివిన మేము ఆ రెండు నియమములలో రెండవదానిని పూర్తిగ మరచితిమి.

ఈ విద్యను ఇతరదేశములవారు శ్రద్ధగ సాగుచేసినారని పిదప చదివి తెలిసికొంటిమి. అమెరికాలో రాకీపర్వతములయందు 1915లో ఒక జాతీయోద్యానము ఏర్పడినది. ఆ కొండల దాపున సత్రము నడపుచుండిన ఈనస్ మిల్స్ అను నాయన అతిథులను అడవిలోనికి తీసికొనిపోయి, పువ్వును, పక్షిని చూపి మాటలాడుచుండెడివాడు. 1920లో ఆ యనుభవములను గ్రంథముగ ప్రకటించెను. మనకు మరింత ముచ్చట గొల్పు విషయమేమనగా, 1917లో ఆ యుద్యానమున మార్గదర్శకులుగ అనుమతి పొందినవారు ఎస్తరు బర్నెల్, ఎలిజబెత్తు బర్నెల్ అను అక్కచెల్లెండ్రు. నూరేండ్ల క్రిందటనే ఆడువారు ఈ పనికి తగుదురని నిరూపించిన యా సోదరీమణులను తలచుకొనుడు. మదనపల్లె సోదరికి ధైర్యము కలుగును. పిదప 1957లో ఫ్రీమన్ టిల్డెన్ అను గ్రంథకర్త ఈ విద్యకు ఆరు సూత్రములు వ్రాసెను. చూచువాని జీవితముతో సంబంధము లేని మాట నిష్ఫలమనియు, బోధించుటకంటె వినువానిలో జిజ్ఞాసను మేల్కొల్పుటయే ముఖ్యమనియు, పిల్లలకు చెప్పునది పెద్దల మాటకు నీళ్ళు కలిపినదిగా గాక వేరుగనే వండవలెననియు వాని సారాంశము. ఇవి చదివినపుడు మాకు మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. వీధి యరుగుపై భారతము చదువునపుడు ఆమె మొదట వచ్చినవారి కుశలమడిగి, ఆనాటి వారి కష్టమునకు సరిపోవు ఘట్టమును తీసి చదివెడిది. అందువలన ఎవరును లేచిపోయెడివారు కారు.

ఇక మేము రెండవసారి యెట్లు సిద్ధపడితిమో చెప్పుదుము.

మొదట, ఉపన్యాసమునకు పది దినముల ముందు తలకోనకు ఊరక పోయి వచ్చితిమి. ఏ వేళకు మాటలాడవలెనో ఆ వేళకే పోయితిమి. ఎండ యెటు పడును, నీడ యెచ్చట నిలుచును, నీటిచప్పుడు ఎంతదూరము వినవచ్చును, ముసలివారు కూర్చుండుటకు చోటెచ్చట, ఇవి చూచుకొంటిమి. జలపాతము కడ మాటలాడరాదని నిశ్చయించితిమి. అచ్చట నీరే మాటలాడును. మనము నోరు మూసికొనుటయే మర్యాద. గుడి దగ్గరి చెట్లనీడను ఎన్నుకొంటిమి. వినువారి వీపునకు ఎండ రావలెను. మన మొగమునకు వచ్చినను సహింపవలెను.

రెండవది, ఒక్క సంగతిని ఎన్నుకొంటిమి. ఇది చాల కష్టము. పెట్టె సర్దునపుడు అన్ని చీరలును కావలెననిపించును గదా! మేము తెలిసినదంతయు ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్కటిగ కొట్టివేయుచు రాగా తుదకు మిగిలినది ఎఱ్ఱచందనము. దానిని ఒక్క వాక్యమున నిమిడ్చితిమి: "మన యింటి బొమ్మకు పుట్టినిల్లు ఈ కొండలే; ఆ చెట్టుకు లోకములో మరియొక పుట్టినిల్లు లేదు." చెప్పబోవు సంగతి ఇట్లు ఒక్క వాక్యమున నిముడకున్నచో అది మనకే ఇంకను తెలియలేదని యర్థము.

మూడవది, చేతికి అందు వస్తువు నొకదానిని వెదకితిమి. మన ప్రాంతమున దసరా బొమ్మలకొలువులో పై మెట్టుమీద నిలుపు ఎఱ్ఱచందనపు జంటబొమ్మలు మీరెరుగుదురు. మా యింటి జంట మా అమ్మమ్మ తిరుపతిలో కొన్నది. వానిని బట్టలో చుట్టి వెంట నుంచుకొంటిమి.

నాల్గవది, పెద్ద లెక్కలను వంటింటి కొలతలోనికి మార్చుట నభ్యసించితిమి. ఇందులకు తిరుమల కనుమదారిలోని యుదాహరణము చెప్పుదుము. ఆ దారి ప్రక్క కొండకోతలో క్రింద అతిప్రాచీనమైన గ్రానైటురాయియు, దానిపై పొరలుపొరలుగ మరియొక రాయియు కన్పట్టును. ఆ రెండింటి నడుమ గడచిన కాలము రమారమి 80 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిని జాతీయ భూగర్భ స్మారకముగ గుర్తించినారు. "80 కోట్లు" అన్నచో వినువారు తల యూపుదురు గాని మనసున కేదియు తోచదు. ఏడాది కొక బియ్యపుగింజ యనుకొనుడు. కిలోకు 50 వేల గింజలను లెక్కను 80 కోట్ల గింజలకు 16,000 కిలోలు, అనగా 25 కిలోల బస్తాలు 640 కావలెను. నూరేండ్లు బ్రతికిన మనిషి ఆయుర్దాయము అందులో రెండువ్రేళ్ళ నడుమ పట్టు చిటికెడు. ఇట్లు చెప్పి చూడుడు, బస్సులోనివారందరును కొండవైపు తిరిగి చూతురు.

అయిదవది, ఇంట చెప్పి చూచుకొంటిమి. ముందు అద్దమునకు, పిదప ఎనిమిదేండ్ల మా చిన్నదానికి, పిదప పొరుగింటి పిన్నమ్మకు. చిన్నది ఎచ్చట ఆవులించెనో అచ్చట కత్తిరించితిమి. పిన్నమ్మ ఎచ్చట "అదెట్లా?" అనెనో అచ్చట రెండుమాటలు చేర్చితిమి. తుదకు పండ్రెండు నిముషముల మాట మిగిలినది. అంతకు మించరాదు. కాగితము చేత బట్టరాదు. మొదటి వాక్యమును, చివరి వాక్యమును మాత్రము కంఠస్థము చేయవలెను. నడుమనున్నవి క్రమముగ జ్ఞాపకమున్న చాలును.

ఇట్లు సిద్ధపడి, మరుసటి యేట మరల తలకోనకు పోయితిమి. ఈసారి మా బడివారే గాక, అచ్చటికి వచ్చిన ఇతర యాత్రికులును నీడకు చేరిరి. మొదటిమాటగ త్రాగునీరు ఎచ్చట గలదో, స్త్రీలకు మరుగెచ్చట గలదో, పైదారిలో పాచిపట్టిన బండ లెచ్చట జారునో, కోతుల యెదుట తినుబండారముల సంచి ఏల విప్పరాదో చెప్పితిమి. నిరుటి అవ్వ మాకు నేర్పిన పాఠమది. దాహముగొన్నవాని చెవికి వ్యాఖ్యాన మెక్కదు.

పిదప ఏమియు చెప్పక బట్ట విప్పి బొమ్మల జంటను చూపితిమి. "ఇటువంటివి ఎవరి యింట నున్నవి?" యని యడుగగా సగముమంది చేతులెత్తిరి. ఒకామె తన పుట్టినింటి బొమ్మకు ముక్కు విరిగిన కథ చెప్పెను. మరియొకామె చంటిబిడ్డకు వాపు వచ్చినపుడు తన యత్తగారు ఆ బొమ్మను సానపై నరగదీసి పట్టువేసెడిదనెను. అప్పటికే వారందరును మాటలోనికి వచ్చిరి. మేము ఇంకను ప్రారంభింపనే లేదు.

పిమ్మట ఒక బిందెలో నీరు తెప్పించి, "చెక్కబొమ్మ తేలునా, మునుగునా?" యని పిల్లలనడిగితిమి. "తేలుతుంది" అని యందరును కేకవేసిరి. బొమ్మను విడువగా అది నేరుగ అడుగునకు పోయెను. పిల్లలు బిందెచుట్టు మూగిరి. "ఏలమునిగినది?" అను ప్రశ్న మేము వేయలేదు, వారే వేసిరి. అప్పుడు చెప్పితిమి. ఈ చెట్టు నీరు తక్కువైన రాతిగుట్టలపై పెరుగును. పెరుగుదల మిక్కిలి నెమ్మది. ఎఱ్ఱని చేవ పట్టుటకు పదులకొలది యేండ్లు పట్టును. అట్లు మెల్లమెల్లగ కూడిన చేవ గనుక నీటికంటె బరువు. మనము వచ్చిన దారిలోని పొడిగుట్టలపై, మొసలితోలువలె పలకలుగ చీలిన నల్లని బెరడుతో నిలిచిన చెట్లు అవియే. నేలరాలిన కాయ నొకదానిని చూపితిమి. నడుమ గింజ, చుట్టును పలుచని రెక్క, గుండ్రని బిళ్ళవలె నుండును. చేతులు మారి వచ్చిన పిదప దానిని మరల ఆ మట్టిలోనే విడిచితిమి.

ఆపైని ఈ చెట్టు సహజముగ పెరుగుచోటు మన తూర్పుకనుమల దక్షిణభాగమేయనియు, తిరుపతి, చిత్తూరు, కడప, నెల్లూరు చుట్టుప్రక్కల కొండలే దాని ముఖ్యస్థానమనియు చెప్పితిమి. జపానులో షామిసెను అను తంత్రీవాద్యమునకు ఈ కఱ్ఱను వాడుదురనియు, విదేశములలోని గిరాకియే చెట్టుకు ముప్పుగ పరిణమించినదనియు, 1995నుండి అంతర్జాతీయ వ్యాపారమునకు కట్టుబాట్లు విధింపబడినవనియు చెప్పితిమి. చివర మా యొక్క వాక్యమును చెప్పి ఊరకుంటిమి.

ఇచ్చటితో ముగిసియున్నచో మేము గర్వముతోనే ఇంటికి వచ్చియుందుము. కాని వెనుకవరుసనుండి తిరువణ్ణామలై వైపునుండి వచ్చిన యొక అవ్వ, తమిళము కలిసిన తెలుగులో, ఇట్లడిగెను: "బొమ్మ గురించి చెప్తివి, చెట్టు గురించి చెప్తివి. చెట్టు కొట్టను పొయ్యి తిరిగి రాని బిడ్డల గురించి చెప్పలేదే, అమ్మా."

ఆ నీడలో ఎవరును కదలలేదు. 2015 ఏప్రిల్ 7వ తేదీన ఈ శేషాచలపు అడవిలోనే పోలీసుకాల్పులలో తమిళనాటినుండి వచ్చిన 20 మంది మరణించిరి. ఆ తగవు న్యాయస్థానములవరకు పోయినది. మాకు ఈ సంగతి తెలియక కాదు. సిద్ధపడునపుడు మా కాగితముపై అదియు నుండెను. వనవిహారమునకు వచ్చినవారి మనసు నొచ్చునని దానిని మేమే కొట్టివేసితిమి. అక్కరలేని మాటను విడుచుట వేరు, భయపడి విడుచుట వేరు. రెండును కాగితముపై ఒక్క గీతవలెనే కన్పట్టును. మేము ఆనాడు చేసినది రెండవది.

ఏమి బదులు చెప్పవలెనో తోచలేదు. అవ్వ దగ్గరకు పోయి కూర్చుండి, "మేము చెప్పలేదు అవ్వా, తప్పే. నీకు తెలిసినది నీవు చెప్పు" అంటిమి. ఆమె ఎక్కువ మాటలాడలేదు. తమ పొరుగింటి పిల్లవాడు కూలికి పోవుచున్నానని చెప్పి వెళ్ళెననియు, ఏ కొండకు, ఏ పనికి పోవుచున్నాడో తల్లికే తెలియదనియు, ఆ తల్లి ఇప్పటికిని వాకిట దీపమార్పదనియు చెప్పెను. మేము పండ్రెండు నిముషములు చెప్పినదానికంటె ఆ మూడు మాటలను వారు శ్రద్ధగ వినిరి. బిందెకడ గంతులు వేసిన పిల్లలును మాటలాడక నిలిచిరి. ఆమె మాటతో చెట్టును నరుకుట న్యాయమైపోలేదు, ఎవరును అట్లనుకొనలేదు. కాని ఆ చెట్టు వెల ఎవరి యింట చెల్లింపబడుచున్నదో అందరికిని తెలిసినది.

అటుపిమ్మట పైకి నడచి జలపాతమును చూచితిమి. అచ్చట మేము ఒక్కమాటయు చెప్పలేదు. తిరిగి వచ్చునపుడు ముక్కు విరిగిన బొమ్మ కథ చెప్పినామె మా చేతిలోని బొమ్మను ఒకసారి తీసికొని, "మాది అటకమీద పెట్టెలో పడుండాది. ఇంటికి పోతానే తీసి, మనవరాలికి ఇది యాడ పుట్టిందో చెప్తాను" అనెను. మాకు అంతకంటె సన్మాన మేమి కావలెను?

ఆనాటినుండి మేము ఈ సంగతిని చెప్పినపుడెల్ల, చెట్టును కొట్టింపి లాభము పొందువాడు అడవిలోనికి రాడనియు, వచ్చువాడు కూలికి వచ్చిన పేదవాడనియు ఒక్కమాట చేర్చుచున్నాము. అవ్వ కోరినది అంతకంటె పెద్దది. మా చేతనైనది ఇంతయే.

మదనపల్లె సోదరీ, ఇప్పుడు మీ ప్రశ్నలకు వత్తము. ఎంతసేపనగా, అన్నము చల్లారకముందే ముగియునంత. పిండివంటలు విప్పిన పిదప ఎవరును వినరు గనుక భోజనమునకు ముందే చెప్పుడు. ఏమి చెప్పవలెననగా, మీకు నిజముగ ఇష్టమైన దొక్కటి. ఎఱ్ఱచందనమే చెప్పనక్కరలేదు. మీ యూరినుండి కంచికి పోయి వరదరాజస్వామి గుడిలో బంగారుబల్లిని తాకి వచ్చినవారు మీ గుంపులో నుండకపోరు. వారిని మొదట మాటలాడించుడు. పిదప, ఈ శేషాచలపు కొండలలో నిజముగనే బంగారువన్నె బల్లి యొకటి గలదని చెప్పుడు. బెడ్డోము అను దొర 1870లో దానిని శాస్త్రగ్రంథములకెక్కించెను. మగబల్లి పసుపుకొమ్మువలె మెఱయును. పగలు చల్లని రాతిపగుళ్ళలో దాగి, రాత్రి సంచరించును. ఆడబల్లులు పెక్కు ఒకేచోట రాతికి గ్రుడ్ల నంటించును. మన పురిటిగది యుమ్మడిగ నున్నట్లే! రాళ్ళను కదలించి, పగుళ్ళలో చీపురుపుల్లలు పెట్టి వెదకవద్దని పిల్లలకు ముందే చెప్పుడు. కనబడకున్నను చింతలేదు. కనబడనిది అచ్చట నున్నదని తెలిసి రాతిని చూచుటయే వేరు.

పిల్లలకు వేరుగ, ముందుగ చెప్పుడు. వారిని ప్రశ్నలడిగి బదులు వచ్చువరకు ఓపికపట్టుడు. మనము అడిగి మనమే చెప్పివేయు నలవాటు వంటింటినుండి వచ్చినది, దానిని అచ్చటనే విడువుడు. తెలియని ప్రశ్న వచ్చినచో తెలియదని చెప్పుడు. మేము చండ్రచెట్టు కడ పొందిన సిగ్గు, తెలియదని ఒప్పుకొన్న వెంటనే సగము తగ్గినది. ఎవరైన మీకంటె బాగుగ ఎరిగినవారు వెనుకవరుసలో నున్నచో, వారికి మాట అప్పగించి ప్రక్కకు జరుగుడు.

ఎట్లు చెప్పవలెనను ప్రశ్నకు మీరే బదులెరుగుదురు. కొత్తకోడలికి ఇల్లు చూపునపుడు గోడల కొలతలు చెప్పుదుమా? "ఇచ్చట వెలుతురు బాగుండును, ఈ బావినీరు తియ్యన, ఈ గడప ఎత్తు, తల తగులును జాగ్రత్త" అందుము. వనమును అట్లే చూపుడు. వనభోజనము ముగిసిన పిదప ఏమి జరిగినదో మాకు తప్పక వ్రాయుడు. ఓడిపోయినను వ్రాయుడు, రాబోవు నెల గోష్ఠికి అదియే పనికివచ్చును.